పెంకా, డిప్పా, గుల్లా: ఏది దేనితో తయారైందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

మా పై అంతస్తులో ఉండే హాసిని ఏడో తరగతి చదువుతోంది. పోయిన నెల ఒక సాయంత్రం పెద్ద చార్టు చుట్టి పట్టుకుని మా ఇంటికి దిగివచ్చింది. "తాతగారూ, తప్పులుంటే చెప్పండి" అంది. చార్టు మీద ఒక గవ్వ, ఒక నత్తగుల్ల అంటించి ఉన్నాయి. పక్కన రొయ్య, తాబేలు, పాము, బొద్దింక బొమ్మలు. అన్నింటికీ కలిపి కింద ఒకటే వాక్యం: "ఈ జంతువుల కవచాలు కాల్షియంతో తయారవుతాయి." చేతిరాత మాత్రం ముత్యాల కోవ.

గవ్వకూ నత్తకూ ఆ మాట నప్పుతుంది. రొయ్యకు అరకొరగా నప్పుతుంది. తాబేలుకు లోపలి భాగం వరకే. పాముకూ బొద్దింకకూ బొత్తిగా నప్పదు. నేను చెన్నైలో ఒక కాలేజీ జువాలజీ విభాగంలో 31 ఏళ్లు ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. పాఠాలు చెప్పింది లెక్చరర్లు. సీసాలు కడిగి, నమూనాలు ఎండబెట్టి, చీటీలు అంటించి, పురుగు పట్టకుండా కాపలా కాసింది నేను. అందుకే చార్టు మీద ఎర్ర గీతలు పెట్టబుద్ధి కాలేదు. "ఆదివారం రా. మనం చెప్పడం దేనికి, వాటినే అడుగుదాం" అన్నాను.

వారం రోజుల పాటు మా పెరంబూరు ఫ్లాటులో, వంటింటి గట్టు మీద, వాటిని అడిగిన తీరే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలతో మీరూ చేయవచ్చు. కావలసినవి ఒక పెద్ద సీసా వెనిగర్, అరడజను గాజు గ్లాసులు, సూది, కొవ్వొత్తి, పట్టకారు, చవకరకం భూతద్దం, ఇంట్లోవాళ్ల ఓర్పు.

సరుకులు నాలుగే

జంతువులు లక్షల రకాలున్నా, ఒంటి మీద గట్టి కవచానికి అవి వాడుకునే ముడిసరుకులు ముఖ్యంగా నాలుగు. మినపపప్పూ బియ్యమూ రెండే పెట్టుకుని మనం ఇడ్లీ, దోసె, ఊతప్పం అని పేర్లు మార్చినట్టే, అవీ ఈ నాలుగింటి పాళ్లు మార్చుకుంటాయి.

మొదటిది సున్నపురాయి. రసాయనశాస్త్రంలో కాల్షియం కార్బొనేట్. గవ్వ, శంఖం, ఆల్చిప్ప, నత్తగుల్ల, కోడిగుడ్డు పెంకు, పగడం ఈ జాతివి. రెండోది కైటిన్. చక్కెర లాంటి అణువులు పొడవాటి గొలుసులుగా కట్టుకున్న పదార్థం ఇది. పీత, రొయ్య, తేలు, బొద్దింక, పేడపురుగు దీన్నే తొడుక్కుంటాయి. పుట్టగొడుగుల్లో కూడా ఉంటుంది. 1811లో ఆన్రీ బ్రాకొనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని మొట్టమొదట పట్టుకున్నది పుట్టగొడుగుల్లోనే, పీతలో కాదు. మూడోది కెరాటిన్ అనే ప్రొటీన్. మన గోరు, వెంట్రుక, కోడి ఈక, గుర్రం గిట్ట, పాము కుబుసం, ఏదుపంది ముల్లు, అలుగు ఒంటి మీది పలకలు అన్నీ అదే. నాలుగోది ఎముక. కాల్షియం ఫాస్ఫేటు రేణువులు, కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు కలిసి అల్లుకున్నది.

హాసిని చేసిన పొరపాటు చాలామంది చేసేదే. గట్టిగా ఉంటే కాల్షియం అనుకుంటారు. మీ బొటనవేలి గోరు గట్టిగానే ఉంది గదా, అందులో చెప్పుకోదగ్గ కాల్షియం లేదు.

ఏవి తేవాలి, ఏవి తేకూడదు

సగం నమూనాలు వంటింట్లోనే దొరుకుతాయి: గుడ్డు పెంకు, కోడికాలి ఎముక, కత్తిరించిన గోరు. బొద్దింక కోసం వెతకనక్కరలేదు, అదే వస్తుంది. చేపకైతే ఆంధ్రా నుంచి లారీల్లో వచ్చే శీలావతి గాని బొచ్చె గాని మంచిది; పొలుసు రూపాయి బిళ్లంత ఉంటుంది, పిల్లలు పట్టుకోవడం తేలిక. వానాకాలంలో చెన్నై కాంపౌండు గోడల మీద పాకే పెద్ద నత్తలు చూసే ఉంటారు. అవి ఈ దేశపువి కావు, ఆఫ్రికా నత్తలు. 1847లో ఒక ఆంగ్లేయుడు కలకత్తాకు తెచ్చి వదిలితే ఇంత దూరం పాకాయి. వాటి ఖాళీ గుల్లలు పనికొస్తాయి గాని బతికున్న నత్తను వట్టిచేత్తో పట్టుకోవద్దు. మనుషుల మెదడుకు హాని చేసే ఒక పరాన్నజీవి వాటిలో ఉండవచ్చు.

మిగతా వాటికి ఆదివారం తెల్లవారుజామున కాసిమేడు చేపల రేవుకు వెళ్లాను. వీపు మీద మూడు ఎర్ర చుక్కలుండే పీతలు అరకిలో, పావుకిలో రొయ్యలు, గుప్పెడు పచ్చ ఆల్చిప్పలు. "పెంకులు పగలగొట్టకుండా ఇవ్వమ్మా" అంటే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. పీతల్లో ఒకటి వేలితో నొక్కితే లోపలికి దిగింది. దాన్ని పక్కన పడేయబోతుంటే అడిగి తీసుకున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

బీసెంట్ నగర్ తీరంలో ఏరుకునేటప్పుడు ప్రతి గుల్లనూ తిప్పి లోపల చూడండి. సన్యాసి పీత కాపురముంటే ఎక్కడిదక్కడ పెట్టేయండి. శంకువు ఆకారంలో, పువ్వుల చీరలా నగిషీలున్న నత్తలు బతికి ఉంటే చెయ్యి పెట్టవద్దు. వాటికి విషపు ముల్లు ఉంటుంది. పగడం ముక్కలు, నాటిలస్ అనే సముద్రజీవి గుల్ల, కొన్ని రకాల పెద్ద శంఖాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. తాబేలు, అలుగు సంగతి చెప్పనే అక్కరలేదు. అందంగా ఉందని కొన్నా, బడి ప్రాజెక్టుకని తెచ్చినా నేరం నేరమే.

కడగడానికి సబ్బునీళ్లు, పాత పళ్లబ్రష్షు చాలు. కొందరు బ్లీచింగ్ ద్రావణంలో నానబెడతారు. ఆ గిన్నెలోకి ఒక్క చెంచా వెనిగర్ పడినా క్లోరిన్ వాయువు లేస్తుంది. ఈ రెండూ ఒకే గదిలో వద్దు. బాత్రూము కడిగే యాసిడ్ కూడా వద్దు. మనకు తొందరేమీ లేదు.

పుల్లటి పరీక్ష

ఒక్కో నమూనా నుంచి వేరుశెనగ గింజంత ముక్క తీసి ఒక్కో గ్లాసులో వేయండి. గ్లాసుకు చీటీ అంటించండి. వేసిన వెంటనే అంటించాలి. పది నిమిషాలయ్యాక గుర్తుంటుందిలే అనుకున్నవాళ్లు నా సర్వీసులో చాలామందే ఉన్నారు. ఇప్పుడు ముక్క మునిగి రెండంగుళాలు పైకి వచ్చేదాకా వెనిగర్ పోసి, భూతద్దం పెట్టి చూడండి.

నత్తగుల్ల, గుడ్డు పెంకు మీద అప్పటికప్పుడే బుడగలు పుడతాయి. సోడా సీసా మూత తీసినట్టు సన్నగా సవ్వడి కూడా వినిపిస్తుంది. సున్నపురాయి ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, ఆ బుడగలు అవే. సముద్రపు నురుగు అని పచారీ కొట్లలో అమ్మే తెల్లటి తేలిక పలక ఒకటుంటుంది చూడండి, అది నురుగూ కాదు, చేప ఎముకా కాదు. కటిల్ అనే మెత్తటి సముద్రజీవి ఒంటి లోపల పెంచుకునే గుల్ల. సన్నటి గదులు గదులుగా ఉంటుంది గనుక నీటి మీద తేలుతుంది. వెనిగర్ పోస్తే అన్నింటికంటే ఎక్కువ పొంగింది అదే. సందేహం తీరక హాసిని బడి నుంచి తెచ్చిన సుద్దముక్క కూడా వేసింది. అది పొంగలేదు. ఇప్పటి సుద్దముక్కలు చాలావరకు జిప్సం, పేరుకే సుద్ద.

మాది తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డు. మా తాతకు గుల్ల సున్నం బట్టీ ఉండేది. సరస్సు బురదలోంచి తవ్విన గుల్లలను కడిగి, ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్ల పేర్చి నిప్పు పెట్టేవారు. మర్నాడు తీసి చూస్తే గుల్ల ఆకారం అలాగే ఉండేది, చేతికి మాత్రం దూదిలా తేలిపోయేది. నీళ్లు చల్లగానే బుస్సుమని ఆవిరి చిమ్మి, విచ్చుకుని పిండయ్యేది. బట్టీ వేడికి గుల్లలోంచి పొగతో పాటు ఎగిరిపోయిన వాయువూ, ఇప్పుడు నా గ్లాసులో బుడగలుగా పోతున్న వాయువూ ఒకటే. గోడకు పూసిన సున్నం గాలిలోంచి మళ్లీ ఆ వాయువునే పీల్చుకుని రాయవుతుంది. పాత మద్రాసు భవనాలకు పాలరాయిలా మెరిసే నునుపు తెచ్చిన మద్రాసు చూనం ఇలాంటి గుల్ల సున్నమే. ఇవన్నీ చెబుతుంటే హాసిని గ్లాసు వంకే చూస్తోంది, నేను చెప్పింది ఎంత విన్నదో తెలియదు.

ఇక్కడ ఒక లెక్క. గుడ్డు పెంకు ఐదారు గ్రాములుంటుంది, అందులో 95 శాతం దాకా కాల్షియం కార్బొనేట్. మన కొట్లలో దొరికే వెనిగర్‌లో ఆమ్లం నాలుగు శాతం. ఆ పెంకు పూర్తిగా కరగాలంటే దాదాపు 140 నుంచి 170 మిల్లీలీటర్లు కావాలి, అదీ చివరి చుక్క దాకా ఖర్చయితే. కాబట్టి పావులీటరు పోసి, మర్నాడు పారబోసి కొత్తది పోయండి. చెంచాడు పోసి "కరగలేదు, పుస్తకంలో తప్పు" అనవద్దు. గుడ్డును పగలగొట్టకుండా వేస్తే రెండు రోజులకు పెంకు పోయి, పల్చటి పొర సంచిలో గుడ్డు మిగులుతుంది. లైటు ముందు పెడితే పచ్చసొన కదలడం కనిపిస్తుంది.

పచ్చ ఆల్చిప్పను మాత్రం తొందరపడి ముక్కలు చేయకండి, ఒక చిప్ప నిండుగా వేయండి. నాలుగైదు రోజులు వెనిగర్ మారుస్తూ పోతే సున్నమంతా కరిగిపోయి, ఆకుపచ్చటి పల్చని తొక్క ఒకటి నీటిలో తేలుతూ మిగులుతుంది. అది చిప్ప పై చొక్కా, పూర్తిగా ప్రొటీన్. నత్తలకూ ఆల్చిప్పలకూ గుల్ల కట్టేది వాటి ఒంటిని కప్పి ఉండే మెత్తటి మడత. అది ముందు ఈ తొక్కను పరిచి, దాని అండతో లోపల సున్నపు స్ఫటికాలను పేరుస్తుంది. ఆల్చిప్ప లోపల మెరిసే పొరలో ఒక్కో స్ఫటికపు పలక మందం మిల్లీమీటరులో రెండువేలో వంతు. కాంతి తరంగం పొడవు కూడా దాదాపు అంతే, అందుకే ఆ పొర వాన వెలిసిన రోడ్డు మీద నూనె మరకలా రంగులు మారుస్తుంది. రంగు పూసింది కాదు గనుక గీకితే రాదు. ముత్యం కూడా ఇదే సరుకు, గుండ్రంగా. కాబట్టి ఇంట్లో ముత్యాలహారం అసలుదో కాదో చూద్దామని వెనిగర్‌లో వేయవద్దు. అసలుదైతే నష్టపోయేది మీరే.

పీత కష్టాలు పీతవి

ఈ వారంలో నాకు ఎక్కువ ఇష్టమైన గ్లాసు పీతది. కూర వండుకున్నాక ఒక వీపు పెంకును చెక్కుచెదరకుండా దాచాను. పచ్చిగా ఉన్నప్పుడు బూడిదరంగు ఆకుపచ్చలో ఉన్నది, ఉడికాక ఎర్రబడింది. ఎర్ర రంగు ముందు నుంచీ అందులోనే ఉంది. ఒక ప్రొటీన్ దాన్ని పట్టి బిగించి వేరే రంగుగా చూపిస్తుంది. వేడికి ఆ ప్రొటీన్ పట్టు సడలుతుంది.

ఆ పెంకు అంచున ఒక్కో వైపు తొమ్మిది పళ్లుంటాయి, చివరిది ముల్లులా పొడవు. హాసిని లెక్కపెట్టి రాసుకుంది. వెనిగర్‌లో వేయగానే నత్తగుల్లలాగే గలగలా పొంగింది. "ఇది కూడా సున్నమే గదా తాతగారూ, మరి నా చార్టు కరెక్టే" అంది. ఉండు, రెండు రోజులాగు అన్నాను.

మంగళవారం సాయంత్రానికి బుడగలు ఆగిపోయాయి. నత్తగుల్ల గ్లాసులో చెదిరిన పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు. పీత గ్లాసులో పీత పెంకు అలాగే ఉంది. చెంచాతో తీసి అరచేతిలో పెట్టాను. పళ్లు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది, ఒక్కటీ తగ్గలేదు. కాని వేలితో నొక్కితే తడిసిన తోలులా వంగి, వదిలితే మెల్లగా లేస్తోంది. చివరి ముల్లు గుచ్చుకోవడం మానేసి పక్కకు ఒరుగుతోంది. సూది సులువుగా దిగింది. ఆకారాన్ని పట్టి ఉంచింది కైటిన్, ప్రొటీన్ కలిసిన చాప. దాని సందుల్లో నింపిన సున్నం వల్ల వచ్చింది గట్టిదనం. సున్నం పోయింది, చాప మిగిలింది. ఇంటి స్లాబులో ఇనుపచువ్వలు, సిమెంటు ఎలాగో ఇదీ అలాగే. మనం సిమెంటును కడిగేశాం.

ఇప్పుడు నేను అడిగి తెచ్చుకున్న మెత్తటి పీత దగ్గరికి వద్దాం. పెంకు సాగదు, పీత పెరుగుతుంది. అందుకని పాత పెంకును వెనక నుంచి విప్పుకుని వెనక్కి జారి బయటికొస్తుంది. కాళ్లు, కళ్లు, మీసాలు, చివరికి పొట్ట లోపలి పొరతో సహా విడిచిపెడుతుంది. అప్పటికే కింద కొత్త చాప సిద్ధంగా ఉంటుంది, సున్నం మాత్రం ఇంకా ఎక్కి ఉండదు. నీళ్లు తాగి ఉబ్బి, ఆ కొత్త చొక్కాను పెద్ద సైజుకు సాగదీసుకుని, సముద్రపు నీటిలోంచి కాల్షియం లాక్కుని గట్టిపడేదాకా ఏ రాతి కిందో నక్కుతుంది. సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అన్నవాడు ఈ రెండు మూడు రోజులను చూసే అని ఉంటాడు. ఆ మెత్తటి పెంకు ముక్కను వెనిగర్‌లో వేస్తే బుడగలు చాలా తక్కువ వచ్చాయి. రొయ్య తొక్క కూడా అంతే. సున్నం కొద్ది, చాప ఎక్కువ.

బొద్దింక రెక్క మీద ఒక్క బుడగ లేదు. వారం తర్వాత కూడా వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కైటిన్ చాపను అది సున్నంతో గట్టి చేయదు. కరక్కాయతో తోలును పదును పెట్టినట్టు, తన ప్రొటీన్లను ఒకదానికొకటి ముడివేసి బిగిస్తుంది. అందుకే ముదురు గోధుమరంగు. కుబుసం విడిచిన కొత్తలో బొద్దింక పాలలా తెల్లగా ఉంటుంది, కొన్ని గంటల్లో ముదురుతుంది. సింకు కింద తెల్ల బొద్దింక కనబడితే అది వింత జాతి కాదు, బట్టలు మార్చుకుంటోందంతే.

వంగిన ఎముక, ఒక్క మాటకు రెండు పొలుసులు

కోడికాలి ఎముకను మాంసం పూర్తిగా గీకేసి వేయండి. ఒకటీ అరా బుడగలు తప్ప హడావుడి ఉండదు, పిల్లలు విసుక్కుంటారు. రెండు రోజులకోసారి వెనిగర్ మారుస్తూ వారం ఆగితే ఎముక రబ్బరులా వంగుతుంది. ఫాస్ఫేటు కరిగింది, కొల్లాజెన్ మిగిలింది.

శీలావతి పొలుసూ దాదాపు ఇలాగే నడుచుకుంటుంది, ఎందుకంటే అది ఎముక బంధువు. భూతద్దంలో చూస్తే చెట్టు మానులో వలయాల్లా పెరిగిన గీతలు కనిపిస్తాయి. మన భాషలో చేపకూ పొలుసే, పాముకూ పొలుసే. చేప పొలుసు చర్మం లోపలి పొరలో పుట్టిన పలక, ఒక్కొక్కటిగా ఊడుతుంది. పాము పొలుసు పై చర్మమే కెరాటిన్‌తో మందమై మడతపడినది, అందుకే కుబుసం తల నుంచి తోక దాకా ఒకే తొడుగుగా, కళ్ల మీది గాజు బిళ్లలతో సహా వస్తుంది. కుబుసం ముక్క వెనిగర్‌లో వేస్తే నానుతుంది తప్ప మరేమీ కాదు.

కొమ్ము అన్న మాటకూ ఇదే చిక్కు. ఆవు, గేదె కొమ్ములు లోపల ఎముక గూటం, పైన కెరాటిన్ తొడుగు, జీవితాంతం ఉంటాయి. దుప్పి కొమ్ములు పూర్తిగా ఎముక, ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి.

వాసన పరీక్ష

ఇది పెద్దవాళ్లే చేయాలి, కిటికీ తెరిచి, నువ్వుగింజంత ముక్కతో. గుల్లలను మంటలో పెట్టవద్దు, లోపల చిక్కిన తడి ఆవిరై పేలి కంట్లో పడుతుంది.

గోరు ముక్కను పట్టకారుతో కొవ్వొత్తి అంచుకు చూపితే ముడుచుకుని, నల్లగా ఉబ్బి, మంగలి షాపులో జుట్టు కాల్చినట్టు వాసన వస్తుంది. కోడి ఈకకూ అదే. కెరాటిన్‌లో గంధకం ఎక్కువ. దాని పోగుల్ని ఒకదానికొకటి కట్టిపడేసే ముళ్లు గంధకానివే, ఆ ఘాటు అక్కడిదే. బొద్దింక రెక్క, రొయ్య తొక్క కూడా కమురుతాయి గాని జుట్టు ఘాటు అంతగా ఉండదు, పొయ్యి మీద మాడిన ఎండురొయ్య గుర్తొస్తుంది. ప్లాస్టిక్ అయితే కరిగి బొట్టు కారుతుంది, తలనొప్పి వాసన.

మా ఆవిడ దగ్గర వాళ్ల అమ్మమ్మ ఇచ్చిన పాత దువ్వెన ఉంది. ఏనుగు దంతంది అని ఆ ఇంట్లో మూడు తరాల నమ్మకం. ఈ వాసనల గొడవలో ఉండగా తనే తెచ్చి, "దీన్నీ చూడండి" అంది. దువ్వెన వెన్ను మీద కనబడని చోట, ఎర్రగా కాల్చిన సూదిమొన ఆనించాను. దంతమైతే సూది దిగేది కాదు. దిగింది, జుట్టు వాసన వేసింది. గేదె కొమ్ము. వేడినీళ్లలో మెత్తబడుతుంది గనుక కొమ్మును సాపుచేసి దువ్వెనలు కోసేవారు. ఆ రాత్రి మా ఇంట్లో మాటలు తక్కువగా నడిచాయి. పాత వస్తువుల మీద ఈ పరీక్ష చేసేముందు నిజం తెలియడం అవసరమా అని ఒకసారి ఆలోచించుకోండి.

తాబేలును అడగలేం, చూడగలం

తాబేలు డిప్పను కాల్చడానికీ నానబెట్టడానికీ వీల్లేదు. నేను చూసింది చెబుతాను. మా కాలేజీ మ్యూజియంలో చట్టం రాకముందు నాటి నక్షత్ర తాబేలు డిప్ప ఒకటుండేది. ఒక వానాకాలం అల్మరాలోకి నీరు దిగి, దాని మీది పసుపు చారల పలకలు ఒక్కొక్కటే ఊడి కిందపడ్డాయి. నామీదికి వస్తుందని కంగారుగా ఏరి, తిరిగి అంటించడానికి కూర్చున్నాను. వీపు మీద పెద్దవి పదమూడు. పలకలు వేళ్లకు గోరులా తగిలాయి; కెరాటిన్. వాటి కింద తెల్లటి ఎముక, పుర్రె మీద అతుకుల్లాంటి వంకర గీతలతో. ఎముక అతుకు మీద పలక అతుకును కలుపుదామని చూస్తే కుదరదే! కాసేపటికి తెలిసింది, అవి కలవవు. తాపీమేస్త్రీ ఇటుకల వరసలు పేర్చేటప్పుడు కింది సందు మీద పై సందు పడకుండా చూసుకుంటాడు గదా, అలా ఎముక అతుకులు ఒక చోట, పలక అతుకులు మరో చోట. దెబ్బ తగిలితే పగులు తిన్నగా దిగదు.

డిప్పను వెల్లకిలా తిప్పితే లోపల వెన్నెముక, పక్కటెముకలు డిప్పతో కలిసిపోయి కనబడ్డాయి. కార్టూన్లలో తాబేలు డిప్ప విప్పి స్నానానికి వెళ్లడం అసంభవం. మనం పక్కటెముకలు విప్పి కొక్కేనికి తగిలించలేం గదా.

బతికున్న వాటిని చూడాలంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద 1976లో పెట్టిన మొసళ్ల బ్యాంకుకు పిల్లల్ని తీసుకెళ్లండి. మొసలి వీపు కూడా ఇదే పద్ధతి, తోలులో ఎముక బిళ్లలు, పైన కెరాటిన్. జనవరి నుంచి మార్చి మధ్య రాత్రిళ్లు బీసెంట్ నగర్, నీలాంకరై తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ వాళ్లు 1988 నుంచి ఆ తీరం వెంట నడిచి గుడ్లను కాపాడుతున్నారు. ఆ గుడ్డు పెంకులోనూ సున్నం ఉంటుంది గాని కోడిగుడ్డులా పెళుసు కాదు, మెత్తగా వంగుతుంది.

దాచుకోవడం

పరీక్షలు అయ్యాక మిగిలిన గుల్లలను కొత్త ప్లైవుడ్ అల్మరాలో పెట్టకండి. మేం పెట్టి నష్టపోయాం. కాలేజీలో పాత ఇనుప బీరువాలు తీసేసి అందమైన చెక్క అరలు చేయించారు. రెండేళ్లకు శంఖాల మీద తెల్లటి నూగు లేచింది, తలుపు తీస్తే పుల్లటి వాసన. బూజు అనుకుని మందు కొట్టాం. తుడిస్తే నూగుతో పాటు శంఖం నునుపు కూడా చేతికొచ్చింది. లాఫ్టస్ బైన్ అనే ఆంగ్లేయుడు 1899లోనే దీని గురించి రాశాడు, ఇప్పటికీ బైన్ వ్యాధి అనే పిలుస్తారు. ఆయన సూక్ష్మజీవుల పని అనుకున్నాడు. కారణం చెక్క, జిగురు, అట్టలు విడిచే ఆమ్లపు ఆవిర్లు. అంటే రెండేళ్లుగా ఆ అల్మరా తన తలుపులు మూసుకుని, తీరిగ్గా మన వెనిగర్ పరీక్షే చేస్తూ కూర్చుంది. నమూనాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ సీసాల్లో నత్తలు గుల్లలు పోగొట్టుకునేదీ ఇందుకే, అది పాతబడేకొద్దీ ఆమ్లంగా మారుతుంది.

మంచినీళ్లలో కడిగి, రెండు రోజులు నీడన ఆరనిచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో గాని గాజు సీసాలో గాని పెట్టండి. వెనిగర్‌లో మెత్తబడిన పీత పెంకు ఆరితే ముడుచుకుపోతుంది, దాన్ని గ్లాసులో చూపించి ఫొటో తీసుకోవడమే. ఈకలకు, కుబుసానికి నాఫ్తలీన్ గోలీ పడేయండి, కెరాటిన్‌ను తినే పురుగులున్నాయి. ప్రతిదానికీ చీటీ ఉండాలి: ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, వెనిగర్‌లో ఏమైంది, నిప్పుకు ఏమైంది. పెన్సిలుతో రాయండి, సిరా తడికి పోతుంది.

హాసిని కొత్త చార్టులో ఇప్పుడు నాలుగు గళ్లున్నాయి. రొయ్య, పీత రెండు గళ్ల మధ్య గీత మీద, తాబేలు మరో గీత మీద కూర్చున్నాయి. పీత కింద అంటించిన చీటీ ఇది: "మూడు చుక్కల పీత. కాసిమేడు, ఆదివారం. వెనిగర్: బాగా పొంగింది, రెండు రోజులకు మెత్తబడింది, పళ్లు అటు 9, ఇటు 9 ఉన్నాయి. నిప్పు: చూడలేదు. మిగతా పీత: తాతగారు తిన్నారు."